మా ఇంటి ముక్కు

నా కోపం ముక్కు మీదే ఉంటుందని మావారు ఇరవయ్యేళ్ళుగా అంటున్నారు. కోపం సంగతి ఒప్పుకుంటాను. ముక్కు సంగతే, 2021 మే నెల నుంచి ఒప్పుకోవడానికి వీల్లేకుండా పోయింది.

ఆ వేసవిలో కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు మెదకులో మా వీధివీధంతా మూలుగులే. నాకూ జ్వరం వచ్చింది, పది రోజులకి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ వాసనని వెంటబెట్టుకు పోయింది. నాతోపాటు పడుకున్న వాళ్ళందరికీ నెలా రెండు నెలల్లో తిరిగొచ్చింది. నాది మాత్రం అలిగి పుట్టింటికి వెళ్ళిన కోడల్లా, ఇవాళ వస్తాను రేపు వస్తానని కబుర్లే గాని రాదు. కాఫీ కలుపుకుంటే ఒకనాడు ఏమీ లేదు, ఇంకోనాడు కాలిన రబ్బరు.

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటారా? వాసన తెలియని ఇల్లాలికి వంటింట్లో ఏం పరువుంటుంది, మీరే చెప్పండి! పాలు విరిగాయో లేదో, నెయ్యి కాగిందో లేదో, నిన్నటి పులుసు ఇవాళ పనికొస్తుందో రాదో, అన్నీ ముక్కుతో తేలే వ్యవహారాలే. పైగా నవలలు రాసే మనిషిని. జ్వరం తర్వాత పూర్తి చేసిన నవలలో తొలకరి మట్టివాసన గురించి ఒక పేజీ రాస్తే, అది చదువుతుంటే నిజంగా వాసనొచ్చిందని ఒకావిడ ఉత్తరం రాసింది. ఆవిడకైనా వచ్చింది, సంతోషం.

కళ్ళతో, చెవులతో నెట్టుకొచ్చాను. ఆవాలు చిటపటలు ఆగగానే పోపు దించెయ్యడం, పప్పు అడుగంటిందేమోనని గరిటెతో గీరి చూడడం. మరీ అనుమానమైతే మా అత్తమ్మని పిలిచేదాన్ని. "అత్తమ్మా, ఈ చారు ఒకసారి చూడండి" అంటే ఆవిడ గిన్నె మీదికి వంగి, కళ్ళు మూసుకుని, "మంచిగుంది" అనేది. ఆవిడ మంచిగుందంటే ఇక నాకు ధైర్యం.

మా వంటిల్లు చిన్నది. వెనక తలుపు తీస్తే పెరడు, పెరట్లో నల్లా, పక్కన జామచెట్టు. వంటింటి మూల నేల మీదే దేవుడి పీట. డాబా ఎక్కితే చర్చి గోపురం కనిపిస్తుంది. 1924 నుంచీ అది మా ఊరికి అడ్రసు. మావారి ఉద్యోగం సంగారెడ్డిలో, శనివారం వస్తారు. అమ్మాయి హైదరాబాదు హాస్టల్లో. కాబట్టి వారమంతా ఇంట్లో ఉండేది అత్తా కోడళ్ళం ఇద్దరమే. పొద్దున్నే అంట్లు తోమడానికి అవ్వ వస్తుంది. పెరటి గేటు తీసుకుని వచ్చి, మమ్మల్ని లేపకుండా గడప బయట కూర్చుని పని మొదలుపెడుతుంది.

2022 కార్తీకమాసం. ఊళ్ళో చలి అప్పుడే మొదలైంది. కిటికీలన్నీ బిగించుకుని పడుకున్నాం. నాలుగున్నరకి లేచి, వంటింట్లో పాలు పెద్ద మంట మీద పెట్టి, లైటార్పేసి ముందుగదిలోకి వెళ్ళాను. పొంగే లోపల ఒక్క పేరా చూసుకుందామని. రాసేవాళ్ళ ఒక్క పేరా సంగతి మీకు తెలియంది కాదు. పాలు జ్ఞాపకమొచ్చేసరికి గంట దాటింది.

చీకట్లోనే వంటింట్లోకి నడిచాను. స్విచ్చి కోసం చెయ్యి చాపాను. వేలు తగిలిందో లేదో, వెనక తలుపు అవతలి నుంచి కేక.

"ఎవలు లోపల? లైటెయ్యకున్రి! ఏదీ ముట్టకున్రి!"

చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెనక్కి తిరిగితే స్నానం చేసి తడిజుట్టుతో అత్తమ్మ. దేవుడి దగ్గర దీపం పెట్టడానికి వస్తోంది. చేతిలో అగ్గిపెట్టె.

"గ్యాసు గుప్పుమంటుంది బిడ్డా! నీకు తెలుస్తలేదా? ముందుగాల తలుపు తియ్యి. మెల్లగ తియ్యి."

తీశాను. అవ్వ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికొచ్చి, నన్ను పక్కకి జరిపి, స్టౌ కట్టేసింది, రెగ్యులేటరు తిప్పేసింది, కిటికీ రెక్కలు తోసేసింది. పాలు పొంగి మంట ఆరిపోయింది గాని గ్యాసు ఆరలేదు. అత్తమ్మ నిలబడ్డచోటి నుంచే, "జర ఫ్యానెయ్యి, పోతది" అంది.

"ఫ్యానేస్తే గ్యాసు గాదు పెద్దమ్మా, మనం పోతం. నడువున్రి బయటికి."

ముందుగదిలో వెలుగుతున్న దీపాన్ని ఆర్పివస్తానంటే దానిక్కూడా వీల్లేదంది. వేసినా ఆర్పినా స్విచ్చి లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుందట. ఎలా ఉన్నదాన్ని అలాగే వదిలెయ్యాలట. ముగ్గురం వెళ్ళి జామచెట్టు కింద కూర్చున్నాం. మెయిన్ గ్యాసు కట్టేశాం కనక ఆగింది గాని, అప్పటికీ ఆగకపోతే సిలిండరుకి మూత పెట్టి 1906కి ఫోను చెయ్యాలి. ఈ నంబరు రాత్రీ పగలూ పలుకుతుంది. అదీ ఇంట్లోంచి కాదు, బయటికొచ్చాక చెయ్యాలి. ఆ నంబరు నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ పొద్దున నాకు తెలిసిందల్లా నా మోకాళ్ళు వణుకుతున్నాయని.

తలుపేసి ఉన్న వంటింట్లో గ్యాసు ఉందని బయట కూర్చున్న మనిషికెలా తెలిసిందో ఆలోచించారా? వంటగ్యాసంటే ప్రొపేను, బ్యూటేను అనే రెండు వాయువుల కలయిక. రెండూ గాలికన్నా బరువు. పొగలా పైకి పోవు, ఒలికిన నీళ్ళలా నేలబారుగా పాకుతాయి. నా ముక్కున్న ఎత్తుకి చేరకముందే తలుపు కింది సందులోంచి గడప దాటాయి. గడప అవతల పీటేసుకుని అంట్లు తోముతున్న అవ్వ ముక్కు సరిగ్గా ఆ ఎత్తులో ఉంది. ఆలోచించిన కొద్దీ నాకింకోటి తట్టింది. గోడ మీది స్విచ్చి ఎత్తున ఉంది, దాంతో ఏమీ కాకపోయేదేమో. దేవుడి పీట నేల మీద ఉంది. అత్తమ్మ కూర్చుని అగ్గిపుల్ల గీసేది అక్కడే.

నేను ఇంటర్లో ఉండగా, 1997 సెప్టెంబరు 14న, విశాఖపట్నం రిఫైనరీలో లీకైన వంటగ్యాసు మబ్బులా పరుచుకుని అంటుకుంది. అరవైమంది దాకా పోయారు. పేపర్లో ఆ ఫోటోలు చూసి అమ్మ రెండు రోజులు కట్టెల పొయ్యి మీద వండింది. మూడోరోజు పొగకి కళ్ళు మండి మళ్ళీ గ్యాసు వెలిగించింది. అన్నట్టు, మా నాన్న సిలిండరు మార్చినప్పుడల్లా లీకేమైనా ఉందేమోనని అగ్గిపుల్ల గీసి చూసేవారు. లీకుంటే తెలుస్తుంది, నిజమే. తెలిసిన సంగతి చెప్పడానికి మనిషి మిగలాలి గదా. సబ్బునురగ రాస్తే చాలు, లీకున్నచోట బుడగలొస్తాయి.

ఇంతకీ ఆ వాసన గ్యాసుది కాదు, తెలుసా? శుభ్రం చేసిన వంటగ్యాసుకి చెప్పుకోదగ్గ వాసనే ఉండదు. కుళ్ళిన కోడిగుడ్డు లాంటి కంపు కోసం కావాలని మెర్కాప్టాన్ అనే రసాయనం కలుపుతారు. అమెరికాలో టెక్సాసు రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊరుంది. 1937 మార్చి 18న అక్కడి బడి కింద వాసన లేని సహజవాయువు పోగైంది. ఎవరికీ తెలియలేదు. అది పేలి మూడువందలమంది దాకా పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే ఆ రాష్ట్రం గ్యాసుకి కంపు కలపాలని చట్టం చేసింది. ఆ పిల్లల పేరు చెప్పి వచ్చిన కంపు అది. దాన్ని నా ముక్కు పట్టించుకోలేదు.

చెట్టు కింద కూర్చున్నాక ఇక దాచి లాభం లేదనిపించింది. "అత్తమ్మా, నాకు వాసన తెలియదు. జ్వరమొచ్చినప్పటి నుంచీ తెలియదు. మీకు చెప్పలేదు" అన్నాను.

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. చాలాసేపు అగ్గిపెట్టెని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. "నాకు మటుకు ఏడున్నది? మామయ్య పోయినకాడి నుంచే తక్కువైంది. ముసలితనం గద అని ఊకున్న. నీకు చెప్తే వంటింట్లకు రానియ్యవేమో అనుకున్న."

"మరి చారు చూసి మంచిగుందనేవారే?"

"నువ్వు మంచిగనే చేస్తవు గద."

అవ్వ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "అంటే ఇద్దరికీ లేదా? ఇన్నొద్దులు ఈ ఇల్లెట్ల నడిచింది తల్లీ!" అని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు అత్తమ్మకీ అంటుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఏడాదిన్నరపాటు నేను ఆవిడ ముక్కుని నమ్ముకుని, ఆవిడ నా ముక్కుని నమ్ముకుని ఒకే కప్పు కింద పడుకున్నాం.

ముక్కు బాగున్నవాళ్ళకీ ఒక మాట. గ్యాసు కొంచెం కొంచెంగా కారుతున్న గదిలోనే కూర్చుంటే కాసేపటికి ముక్కు ఆ కంపుకి అలవాటుపడి చెప్పడం మానేస్తుంది. బయటి నుంచి వచ్చినవాళ్ళకే తెలుస్తుంది. జలుబు చేసిన రోజు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరైనా గుమ్మంలోనే ఆగి "ఏదో వాసన" అంటే, మాకేం రావడం లేదే అని వాళ్ళని తీసిపారెయ్యకండి.

గాలి ఆడి, అవ్వే లోపలికెళ్ళి చూసివచ్చి సరేనన్నాక కాఫీ పెట్టాను. "ఇవన్నీ నీకెవరు నేర్పారవ్వా?" అని అడిగాను. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లిచ్చారు. అవ్వకీ వచ్చింది. ఇచ్చేముందు మీటింగు పెట్టి, స్టౌ ముందర పెట్టి, ఒక్కొక్కరి చేత వెలిగించి ఆర్పించారట. "మాకు చదువు రాదు గద, చెప్పింది చెప్పినట్టు గుర్తు పెట్టుకున్నం" అంది. నేను బి.ఏ. చదివాను. నాకు కనెక్షనుతోపాటు ఇచ్చిన కాగితం అల్మారా అరలో పరిచి, దాని మీద ఆవకాయ జాడీ పెట్టాను. ఆ రోజు జాడీ ఎత్తి చదివాను. నూనె మరకలు పోగా మిగిలింది చదివాను.

మావారు శనివారం వచ్చి, విని, ఏమీ అనకుండా బజారుకెళ్ళి గ్యాసు లీకైతే కూసే చిన్న యంత్రం తెచ్చారు. బిగించడానికొచ్చిన అబ్బాయి నిచ్చెనేసి పైకప్పు దగ్గర పెట్టబోయాడు. వంటగ్యాసుకి అది నేలకి జానెడు ఎత్తులో ఉండాలి బాబూ అంటే, నావైపు వింతగా చూశాడు. దేవుడి పీట నడిమి గదిలోకి వెళ్ళింది. నారింజరంగు సురక్ష ట్యూబు మార్చి ఎన్నాళ్ళయిందో చూస్తే ఏడేళ్ళు. అయిదేళ్ళకోసారి మార్చాలి. ఇప్పుడు సిలిండరొస్తే తెచ్చినబ్బాయిని గుమ్మంలోనే ఆపి, పైపట్టీ లోపలివైపు అంకె చదువుతాను. బి-28 అని ఉందనుకోండి, 2028 జూను దాకా దాని పరీక్ష గడువున్నట్టు. ఎ అయితే మార్చి, సి సెప్టెంబరు, డి డిసెంబరు. "మేడమ్ టీచరా?" అని అడిగాడొకసారి.

రాత్రి పడుకోబోయే ముందు రెగ్యులేటరు కట్టెయ్యడం నా వంతు. కట్టానా లేదా అని చేత్తో తడిమి చూడడం అత్తమ్మ వంతు. ఒకరి మాట ఒకరం నమ్మం. పాలు పెట్టి రాసుకోడానికి వెళ్ళడం బొత్తిగా మానేశాను. పాల దగ్గర నిలబడే రాసుకుంటున్నాను, నిలబడి రాస్తే వాక్యాలు పొట్టివవుతున్నాయని మా ఎడిటరుగారు అన్నారు.

అవ్వ ఇప్పుడు అంట్ల ముందు కూర్చునే ముందు తలుపు సందు దగ్గర వంగి, గట్టిగా ఒకసారి ముక్కు ఎగబీల్చి, "ఏం లేదు, ఎయ్యి లైటు" అని కేకేస్తుంది. అంతదాకా అత్తా కోడళ్ళం చీకట్లో నిలబడతాం. యంత్రం ఉంది గదా అంటే, "దానికి కరెంటు పోతది, నా ముక్కుకు పోతదా?" అంటుంది.

మొన్న మనవడి పుట్టువెంట్రుకలకని ఏడుపాయల వెళ్ళింది, రెండు రోజులు రానని ముందే చెప్పింది. పొద్దున్నే లేచి అలవాటుగా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. స్విచ్చి మీద చెయ్యి వేశాను, తీసేశాను. చీకట్లోనే లోపలికెళ్ళి వెనక తలుపు బార్లా తీసి, వంగి రెగ్యులేటరు తడిమాను. అక్కడ అప్పటికే ఒక చెయ్యి ఉంది. ముడతలు పడ్డ చల్లటి చెయ్యి.

"కట్టేసే ఉంది" అంది అత్తమ్మ. "ఎయ్యి."