మాగిల్ ద్రాక్షతోట

దక్షిణ ఆస్ట్రేలియాకు ముఖ్యపట్టణమగు ఆడిలెయిడ్ నగరమునకు తూర్పున, సుమారు 8 కిలోమీటర్ల దూరమున, మాగిల్ అను పేట కలదు. మేమొకనాటి యుదయమున బస్సులో నచ్చటికి బోయితిమి. దారి పొడుగునను ఇండ్లే. కొండలు మొదలగు చోట, ఆ యిండ్ల నడుమ ద్రాక్షతోట యొకటియు, అందొక చిన్న రాతికుటీరమును గనబడెను. ఆ కుటీరము పేరు గ్రేంజి.

మద్యము మన యిండ్లలో నెన్ని కాపురములను గూల్చినదో సోదరీమణులకు వేరుగ జెప్పనక్కఱలేదు. ఆ ముంగిట నిలుచుటకు మాకును గొంత సంకోచము కలిగెను. అయినను ఆ యింటి కథ వినదగినది.

క్రిస్టఫర్ రాసన్ పెన్‌ఫోల్డు ఇంగ్లండున 1811లో జన్మించి, లండనులో వైద్యము నభ్యసించెను. 1844లో భార్య మేరీతోను, చిన్నకూతురు జార్జినాతోను ఓడయెక్కి వచ్చి, ఇచ్చట 500 ఎకరములు కొనెను. ఆ నేల తరతరములుగా కౌర్ణా జాతివారిది; అమ్మినవారు మాత్రము వారు కారు. వైద్యుడు తాను నాటిన ద్రాక్షల రసముతో ఆసవము చేయించి, రక్తహీనతగల రోగులకు మందుగా నిచ్చుచుండెను. నేటి వైద్యులు దాని నంగీకరింపరు, నాడది పరిపాటి.

వైద్యునకు రోగులతోనే ప్రొద్దు చాలకుండెను. తోటపని యెవరు చూచిరి? మేరీయే. మొదట ఆమెకు దోడు ఎల్లెన్ టింబ్రెల్ అను పనికత్తె యొక్కతెయే. 1870లో భర్త గతించెను. పరదేశమున వితంతువైన యామె తోటను విడువక, 1884 వఱకు తానే నడపెను. వేర్వేఱు ఆసవములను గలుపుటలో ఆమె ఏ నియమమును బాటింపక, తన రుచినే నమ్ముచుండెనని 1874లో నచ్చటి పత్రిక యొకటి వ్రాసెను. ఇది విన్నప్పుడు మాకు మన పెద్దమ్మలు తలపునకు వచ్చిరి. జాడీలకొలది ఆవకాయ కలుపునపుడు వారు తూచినదెన్నడు? చేతికే కొలత తెలియును!

ఆ కుటీరము పేరనే 1951లో మాక్స్ షూబర్టు గ్రేంజి యను ఆసవమును సిద్ధపఱచెను. 1957లో యజమానులు మానుమన్నను, అతడు రహస్యముగా దానిని సాగించెను. నేడది లోకప్రసిద్ధము. 500 ఎకరములలో ద్రాక్షకు మిగిలినది మాత్రము సుమారు 13 ఎకరములే. తక్కినది నగరమున గలిసినది.

ఈ కథ జెప్పువారు తొలుత వైద్యుని పేరే యెత్తుదురు. మేము కుటీరపు చిన్నగదులను జూచి వెలుపలికి వచ్చి, ఆ తీగలవంక దిరిగి చూచినపుడు, మాకు మేరీయే స్మరణకు వచ్చెను. మందు వైద్యుడు వ్రాసియుండవచ్చును. దానిని నలుబదియేండ్లు కాచి కూర్చినది ఆ యిల్లాలు.