పిజ్జా మీద ఎర్రకారం

మా అవ్వ పిజ్జా ముక్క కొరికి, "ఏందిరా ఇది, ఇంత సప్పగా ఉండాది?" అనింది. వంటింట్లోకి పోయి, పొద్దున దోసెలకని ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ వేసి నూరిన ఎర్రకారం తెచ్చి పైన పూసింది.

ఆ రోజు తిరుపతిలో మా ఇంటికి కాలేజీ ఫ్రెండ్స్ వచ్చున్నారు. నాకు పరువు పోయినట్టయింది. "అవ్వా, దాన్ని అట్లా తినకూడదు. ఇటలీ వాళ్లు చూస్తే నవ్వుతారు" అన్నాను. అవ్వ ఏమీ అనలేదు. ముక్కను ప్లేట్లో పెట్టేసి చెయ్యి కడుక్కుంది.

రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో వెతికాను. పైనాపిల్ వేసే హవాయి పిజ్జాను 1962లో కెనడాలో మొదలుపెట్టింది గ్రీస్‌లో పుట్టిన శామ్ పానోపౌలోస్ అంట. 2017లో ఐస్‌లాండ్ అధ్యక్షుడు, వీలైతే పిజ్జా మీద పైనాపిల్‌ను నిషేధిస్తానని సరదాగా అంటే ప్రపంచమంతా గొడవే! అసలు పిజ్జాకు ప్రాణమైన టమాటానే ఇటలీది కాదు, అమెరికా ఖండాల నుంచి పోయింది. మన మిరపకాయదీ అదే పుట్టిల్లు, పోర్చుగీసు వాళ్లతో ఇక్కడికొచ్చింది. మదనపల్లె మార్కెట్లో గుట్టలు పోసే టమాటా, అవ్వ రోట్లో మిరపకాయ, రెండూ వలస వచ్చినవే. ఇంక అవ్వను తప్పుపట్టడానికి నేనెవర్ని?

పోయిన ఆదివారం మళ్లీ పిజ్జా తెప్పించాను. ఆ ఫ్రెండ్సే వచ్చారు. అందరి ముందే, "అవ్వా, ఎర్రకారం ఉండాదా?" అని అడిగాను.

"మీ ఇటలీ వాళ్లు నవ్వరా?" అనింది. గిన్నె మాత్రం అప్పటికే చేతిలో ఉంది.