కోళ్ల వంతు, గుంత వంతు

ఫిబ్రవరి 16, 2025. అనంతపురం

పేపర్ నిండా గోదావరి జిల్లాల బర్డ్ ఫ్లూ. పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి, "మీ కోళ్లు బాగుండాయా?" అని అడిగింది. బాగానే ఉన్నాయి. పెరట్లో పుట్టి పెరట్లోనే తిరిగేవి. అయినా ఫారం నుంచి కోళ్ల ఎరువు బస్తాలు తెప్పించాలన్న ఆలోచన ఈ ఏడు మానుకున్నా. బయటి పెంటతో ఏ రోగం ఇంటికొస్తుందో! కాకులు వాలకుండా మేత తొట్టి రేకు కిందికి మార్చాను.

గూట్లో చెనిక్కాయ పొట్టు పరిచాను. ఈ జిల్లాలో దేనికి కరువొచ్చినా దానికి రాదు. కోడిరెట్టలో నత్రజని ఎక్కువ, ఒక పాలు నత్రజనికి కార్బన్ పది పాళ్లే. ఎరువు దిబ్బ బాగా మాగాలంటే పాతిక నుంచి ముప్పై పాళ్లు ఉండాలి. ఆ లోటు పొట్టు పూడుస్తుంది. దీనికి కొలతలూ తూకాలూ అక్కర్లేదు, ముక్కు చాలు. పొద్దున గూడు తెరవగానే ముక్కు మండిందా, అది అమ్మోనియా. ఎరువులో సారం గాలికి పోతోంది, కోళ్ల కళ్లకూ చేటు. ఇంకో చేటెడు పొట్టు చల్లాలి.

బూజు పట్టిన కాయలు మాత్రం గూట్లోకి రానియ్యకూడదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, మేతలో కలిపిన బ్రెజిల్ చెనిక్కాయ పిండి దగ్గర తేలింది కారణం. అఫ్లటాక్సిన్ అనే విషం లోకానికి తెలిసింది అప్పుడే.

మార్చి 31

ఉగాది మరునాడు. మామిడి తొక్కలు, వేప ఈనెలు, చెరకు పిప్పి గంపెడు పోగయ్యాయి. ఓళిగల పప్పు వార్చిన కట్టు చారుకే సరిపోయింది, దిబ్బకు చుక్క మిగల్లేదు.

అన్నీ కోళ్ల ముందు పోశాను. తినేవి తిన్నాయి, ఈగల పురుగులు ఏరుకున్నాయి, మిగతాది కాళ్లతో చిమ్మి పెరడంతా పరిచాయి. తిరగేసే పని మనకు తప్పింది. అయితే అవి పరిచినదంతా సాయంత్రానికి అప్పడంలా ఎండింది. మూల దిబ్బలో చేయి పెడితే చీమలు. దిబ్బలో చీమలు కాపురం పెట్టాయంటే తేమ లేదన్నమాటే. పిడికెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. అంటే యాభై, అరవై శాతం తేమ. నలభై కిందికి దిగితే సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. అప్పుడది ఎరువు కాదు, ఎండిన చెత్త.

బిందె తెచ్చి పోయబోతే అత్త అడ్డుపడింది. "మనుషులకే నీళ్లు లేకుంటే దిబ్బకు పోస్తావామ్మా? గుంత తీసి పూడ్చు."

ఏప్రిల్ 13

అత్త మాటకు పుస్తకాల్లోనూ సాక్ష్యం ఉంది. ఆల్బర్ట్ హోవర్డ్ ఇండోర్‌లో రూపొందించిన పద్ధతిలో పోగును పదే పదే తిరగేయాలి. యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో దాని మీద పుస్తకమే వేశాడు. గాలి బాగా ఆడితే త్వరగా మాగుతుంది, కానీ తిరగేసినప్పుడల్లా తడపాలి. సి.ఎన్. ఆచార్య 1939లో చెప్పిన బెంగళూరు పద్ధతి వేరు. గుంతలో పొరలు పొరలుగా నింపి, పైన మట్టితో మెత్తేస్తారు. తిరగేసే పని లేదు. ఆరు నుంచి ఎనిమిది నెలలు ఆగాలి. మాకు ఇండోర్ కంటే బెంగళూరే దగ్గర, మ్యాపులోనే కాదు.

గోడ నీడలో మూడడుగుల లోతు గుంత తీయించాను. ఎండుటాకులు, పొట్టు రాత్రంతా తొట్టిలో నానబెట్టాకే పరిచాం. పొడిగా వేస్తే తర్వాత ఎన్ని నీళ్లు పోసినా జారిపోతాయి. నానబెట్టడానికి బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు. ఫిల్టర్ మిషన్ వదిలేసే నీళ్లలో ఉప్పు ఎక్కువ, అవి వద్దు. తడి పొర మీద గూటి చెత్త, దాని మీద వంటింటి చెత్త, మళ్లీ తడి పొర. చివరికి పేడ కలిపిన మట్టి మెత్తి, పైన ముళ్లకంప.

ఏప్రిల్ 27

కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. వాటికి చెమట గ్రంథులు లేవు, రొప్పడమే చల్లదనం. అలా రొప్పితే ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోయి, గుడ్డు పెంకుకు కావలసిన సరుకు తగ్గుతుంది. ఇవాళ్టి గుడ్డు చేతిలోనే చిట్లింది. పాత పెంకులు ఎండబెట్టి, నలిపి మేతలో కలిపాను. పెంకులన్నీ గుంతకే వేయడం దండగ, ముందు కోళ్ల వంతు.

జులై 6

తొలి ఏకాదశి. ఆషాఢ గాలి తలుపులు కొడుతోంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఈ సీమలో ఎండతో పాటు గాలీ తేమ లాగేస్తుంది. గుంత మీద మట్టి నెర్రెలిచ్చింది. మళ్లీ మెత్తాను. ఈ ఊళ్లో ఎరువు చేయడమంటే నీళ్లు పోయడం కంటే, పోసిన నీళ్లను పోనివ్వకపోవడమే.

పుంజు ముళ్లకంప తప్పించి తడి మట్టి గీకబోయింది. ఇనుప జాలీ కప్పాను. చెత్త మీద కోడికి ఎంత హక్కుందో, మూసిన గుంత మీద అంత లేదు.

డిసెంబర్ 7

గుంత తెరిచాం. పైన జానెడు మేర పొడి, దాని కింద నల్లగా, వాన పడిన మట్టి వాసన. మామిడి టెంకలు, కొబ్బరి పీచు మాగలేదు. జల్లెడ పట్టి వేరు చేశాం, కొత్త గుంతకు అడుగున వేయొచ్చు. జల్లెడలో మిగిలిన పురుగుల కోసం కోళ్లను వదిలితే అత్త నవ్వింది: "వాటి వంతు మళ్లొచ్చిందిలే."

వంగ, టమోటా పాదుల్లో వేశాను. పాలకూర, కొత్తిమీర మడికి ఇప్పుడే వద్దు. పోగు 55 డిగ్రీల వేడి మీద మూడు రోజులుంటే రోగక్రిములు చస్తాయి గానీ, మూసిన గుంతలో ఆ వేడి నిలవదు. పచ్చిగా తినే ఆకుల దగ్గర తొందర పనికిరాదు. మడిలో కలిపి నాలుగు నెలలు ఆగాకే ఆకుకూర విత్తనం.

సంక్రాంతి చెత్త వచ్చేలోగా రెండో గుంత తీయాలి. కూలికి మనిషిని ఈ వారమే అడగాలి.