పిడి ఎవరి చేతికి?

భార్యకు చీర కొనుటలో పొరపడినవానికి ఒక వెసులుబాటు గలదు. మరునాడు కొట్టునకు బోయి మార్చుకొనవచ్చును. చెప్పులు కొనుటలో పొరపడినను కాలు కఱచునే గాని మనసు కఱవదు. పిస్తోలు కొనుటలో పొరపడినవాని సంగతి అట్లు గాదు. ఆ పొరపాటు నేను చేసితిని. నాబోటి భర్తలు మఱికొందఱుందురను తలంపుతో దాని నిచట వ్రాయుచున్నాను.

మా గూడూరు బెజవాడనుండి బందరునకు బోవు బాటమీది యూరు. చుట్టును వరిచేలు, చేపలచెరువులు. కొలదిదూరమున పెడనలో కలంకారీ యద్దకపు బల్లలు. ఇట్టిచోట పిస్తోలను మాట పత్రికలలో జదువుటకును, చలనచిత్రములలో జూచుటకును దక్క గృహస్థుని యింటిలోనికి వచ్చునది కాదు. మా యింటికి మాత్రము వచ్చినది. 2024వ సంవత్సరము జూలై 28వ తేదీని పారిసు ఒలింపిక్సులో మను భాకర్ పదిమీటర్ల గాలిపిస్తోలు పోటీయందు కాంస్యపతకము గొన్నది. నా భార్య వంటయింటి పని విడిచివచ్చి టెలివిజను ముందు నిలుచుండియే దానిని జూచెను. ఆ పిల్ల కుడిచేయి చాచి, ఎడమచేయి నడుమున నిలిపి, చిత్తరువువలె నిలుచుట జూచి, "ఇందులో పరుగు లేదు, దుముకు లేదు. కావలసినది నిలుకడ యొక్కటే. నలువదినాలుగేండ్లదానను, నేను నేర్చుకొనగూడదా యండీ?" అని యడిగెను.

నేను నవ్వితిని. ఆ నవ్వులో చెడుతనము లేదు. కాని యోచనయు లేదు. ఆమె మఱి మాటాడక లోనికి బోయెను. ఆ రాత్రి అన్నము వడ్డించునప్పటి మౌనమే నాకు బుద్ధిచెప్పినది. బందరులో జదువుకొను దినములలో ఎన్.సి.సి. వారి రైఫిలుతో నాలుగు గుండ్లు పేల్చినవాడను గనుక, తుపాకుల సంగతి నాకు దెలియునని నా నమ్మకము. నవ్వినందులకు ప్రాయశ్చిత్తముగా ఆమెతో జెప్పకుండ పట్టణమునకు బోయి యొక గాలిపిస్తోలు కొంటిని. బోరు 4.5 మిల్లీమీటర్లకు, గుండు వెడలు శక్తి 20 జౌళ్లకు మించని గాలితుపాకికి 2016 నాటి ఆయుధ నియమముల ప్రకారము లైసెన్సు అక్కఱలేదు. అంగడివాడు పెద్దవి రెండు, చిన్నవి రెండు చూపెను. ఆడువారి చేతికి చిన్నదే తగునని నిశ్చయించి, చిన్నవానిలో నొకదానిని నా చేతబట్టి చూచి, "బాగున్నది" అంటిని. ఇందులో నెన్ని తప్పులున్నవో చదువరులు లెక్కించుకొందురు గాక.

అది స్ప్రింగుతో బనిచేయు పిస్తోలు. గుండు పేల్చునపుడెల్ల గొట్టమును వంచి లోపలి స్ప్రింగును బిగింపవలెను. పిస్తోలు చిన్నదైనంత మాత్రమున ఆ స్ప్రింగు మెత్తనిది కాదు. పట్టు చిన్నదగుటచే మఱింత బలము కావలసివచ్చును. మీట నొక్కగనే లోపలి ముషలము ముందునకు దూకి పిస్తోలును కుదిపివైచును. నేర్చినవాడు దాని కుదుపు నెఱిగి గురి నిలుపుకొనగలడు, క్రొత్తవారు నిలుపుకొనజాలరు. నా భార్య దొడ్డిలో గోడ కానించిన ఇసుకపెట్టెకు కాగితము తగిలించి పదిదినములు శ్రమపడెను. ఒక్కొక్కసారి స్ప్రింగు బిగించుటకు పిస్తోలును తొడ కానించి రెండుచేతుల నొక్కుచుండెను. పదిగుండ్లకే మణికట్టు వాచుచుండెను. గుండ్లు పెట్టెలో నలుమూలల గ్రుచ్చుకొనెను. పదునొకండవ దినమున పిస్తోలును పెట్టెలో బెట్టి నాకిచ్చి, "నా చేతిలో పస లేదండీ. మీరు నవ్వినది నిజమే" అనెను.

ఆ మాట నాకు నేటికిని ములుకువలె నాటియున్నది. పనిముట్టు చెడ్డదైనప్పుడు నేర్చినవాడు పనిముట్టును దూఱును. నేర్వనివాడు తన్ను దూఱుకొనును. క్రొత్తవారికి తగని పనిముట్టిచ్చుట వలని కీడు ధననష్టము కాదు. నీవు చేతకానిదానవను అబద్ధమును వారిచేతనే వారికి చెప్పించుట. గణితము బోధించి బ్రతుకువాడను. తప్పు లెక్క యిచ్చి, లెక్క రానివాడవని పిల్లవానిని గొట్టిన పంతులువంటి పని నేను చేసితిని.

ఇంతలో మా బావమఱది వచ్చెను. "గాలిపిస్తోలు పిల్లలాట బావగారూ. అక్కయ్య పగలెల్ల నొంటరిగా నుండునది. ఆడువారికొఱకు సర్కారే రివాల్వరు చేయుచున్నది గదా, లైసెన్సు పెట్టి అది కొనరాదా?" అని సలహా చెప్పెను. అతడు చెప్పినది నిర్భీక్ అను రివాల్వరు. 2012వ సంవత్సరము డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరమునకు పిమ్మట, 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారమువారు దానిని వెలువరించిరి. .32 బోరు, అరకిలో బరువు, ఆరంభమున వెల లక్షయిరువదివేలకు పైమాట. నగలపెట్టెవంటి పెట్టెలో బెట్టి యిచ్చిరి. తేలికైనది గనుక స్త్రీలకు తగునని చాటిరి. నేను పిస్తోలు కొనుటలో జేసిన యోచనయే యిది! ఒకే తూటాను బరువైన తుపాకిలో బెట్టినకంటె తేలికదానిలో బెట్టిన చేతికి ఎదురుతన్ను హెచ్చుగా దగులును. సంచిలో బెట్టుకొనుటకు సుఖమైనది పేల్చుటకు కష్టమైనది. నగలపెట్టె చూచి కొనిన ఇల్లాలు మొదటి తూటాకే బెదరి, మఱి దాని జోలికి బోకుండినచో ఆశ్చర్యమేమి?

పైగా 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము అట్టి రివాల్వరునకు లైసెన్సు కావలెను. పోలీసు విచారణయు, ఆయుధ శిక్షణయు, కావలసిన కారణమును జూపుటయు గలవు. అది వచ్చినను ఇల్లు భద్రమగునని చెప్పుటకు వీలులేదు. ఇంట తుపాకియున్నచో ఆ యింటివారికే హత్యాప్రమాదము హెచ్చునని 1993లో అమెరికాలో నొక వైద్యపత్రికలో వెలువడిన పరిశోధన తేల్చినది. ఇంటిలోని కోపమునకును, త్రాగుడునకును దాని తాళపుచెవి దొరకుట కష్టము కాదు గదా. ఈ వాదమంతయు నేను బావమఱదితో జేయుచుండగా నా భార్య వాకిటనుండి, "తమ్ముడూ, నాకు భయము లేదురా. నేను కోరినది గురి. మీరిద్దఱును నాకేమి కావలెనో నన్నుదప్ప అందఱినడుగుచున్నారు" అనెను. మే మిద్దఱమును నోరు మూసికొంటిమి.

మఱుసటి యాదివారము ఆమెను వెంటబెట్టుకొని బెజవాడలో నొక గురిసాధనశాలకు బోయితిని. అచటి శిక్షకురాలు మా కూతురి యీడుది. ఆమె పిస్తోలేదియు జూపలేదు. నా భార్యను రెండుచేతులు చాచి, అరచేతుల నడుమ చిన్నసందు చేసి, గోడగడియారమును దానిగుండ జూడుమనెను. పిదప ఒక్కొక్క కన్ను మూయుమనెను. ఎడమకన్ను మూసినప్పుడు గడియారము మాయమైనది! చేయి కుడివాటమైనను ఆమె గురిచూచునది ఎడమకంటితో. ఇట్టివారు లోకమున ననేకులుందురట. ఇరువదిరెండేండ్లు కాపురము చేసితిని. ఆమె ఏ కంటితో లోకమును జూచునో నాకు దెలియదు. ఆ కన్ను తెలియకయే పిస్తోలు కొంటిని.

శిక్షకురాలు కళ్లజోడున కొక చిన్నయడ్డు తగిలించి ఎడమకంటి చూపు నాపెను. తరువాత చేయి కొలిచెను. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడిమి మూల పిడి వెనుకకు గట్టిగా ఆనవలెను. చూపుడువ్రేలి మొదటి కణుపు మెత్త మీటమీద నిటారుగా బడవలెను. వ్రేలు సాగదీయవలసివచ్చినచో పిడి పెద్దది, వంకరపోయినచో చిన్నది. అందుచేతనే పోటీ పిస్తోళ్లకు కొయ్యపిడులు పలుకొలతలలో చేయుదురు. చాలనిచోట పూత పెట్టియు, హెచ్చైనచోట అరగదీసియు చేతికి సరిచేయుదురు. ముందుగనే గాలి నించిన గొట్టముతో బనిచేయునవి గనుక బిగింపుశ్రమ లేదు, కుదుపు లేదు. పోటీలో పిస్తోలు బరువు 1500 గ్రాములకు మించరాదు. మీట నొక్కు బరువు 500 గ్రాములకు తగ్గరాదు. ఈ హద్దుల నడుమ ఎవరి కేది తగునో చేయియే చెప్పవలెను.

మూడింటిని వరుసగా ఆమె చేతికిచ్చిరి. నేను తేలికదానిని జూపి సైగ చేసితిని. ఆమె నావంక జూడకయే ఇంచుమించు కిలో తూగుదానిని ఎంచుకొనెను. "తేలికది గాలికి గడ్డిపోచవలె నాడుచున్నది. ఇది నీళ్లబిందెవలె నిలుచుచున్నది" అనెను. ముందు బరువుగల పిస్తోలు చేతి వణకును మ్రింగునని శిక్షకురాలు ఒప్పుకొనెను. జీవితమంతయు బిందెలు మోసిన చేతికి బరువు క్రొత్త కాదను సంగతి నేనుమాత్ర మేల మఱచితినో! ఉత్తరదేశమున బాగ్‌పత్ జిల్లా జోహరీ గ్రామపు చంద్రో తోమర్ అఱువదేండ్లు దాటినపిమ్మట పిస్తోలు పట్టి పెక్కు పతకములు గెలిచి 2021లో దివంగతురాలైనది. చేయి నిలుపుటకు ఇంట నీళ్లకూజా చాచిపట్టి సాధన చేసెడిదని చెప్పుదురు. మన హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో నాలుగు పతకములు గొన్నది. ఆ ముసలమ్మకును ఈ పడుచుపిల్లకును నడుమ నెన్నియేండ్లైనను, పిడి చేతికి కుదిరిన తరువాతనే గురి.

మేము వెంటనే కొనలేదు. మూడునెలలు సాధనశాల పిస్తోలుతోనే అభ్యాసము చేసెను. విదేశపు పోటీ పిస్తోళ్ల వెల లక్షకు మించును. అందుచే ఒకరు వాడి విడిచినదానిని తన కుట్టుపని సొమ్ముతో తానే కొనెను. బేరమున నేను మెఱుగు చూచుచుండగా ఆమె గాలిగొట్టముమీది తేదీ చూపి, "దీని గడువెంత?" అని యడిగెను. వంటగ్యాసు బండ వచ్చినప్పుడెల్ల గడువు చూచుకొను అలవాటది. నిజమే, ఆ గొట్టమునకు పదియేండ్ల గడువు, ఇక రెండేండ్లే మిగిలియున్నది. వెల తగ్గినది. తుపాకుల సంగతి తెలిసినవాడను నేను సంచి పట్టుకొని నిలుచుంటిని.

ఊరి కుఱ్ఱలు వచ్చి, చెరువుగట్టున కొంగలను గొట్టిచూపుమని యడిగిరి. 1972 నాటి వన్యప్రాణి చట్టము మాట నేనెత్తకముందే, "ప్రాణము పోయునది నాకు గురి కాదు" అని పంపివైచెను. పిస్తోలునకు తాళము, గుండ్లకు వేఱొక తాళము; గుండు లేదని తెలిసినను గొట్టము మనిషివంక ద్రిప్పదు; గురి కుదురువఱకు మీటమీద వ్రేలు వేయదు; సీసపు గుండ్లు ముట్టిన చేయి కడుగక బియ్యము ముట్టదు. ఎనిమిదవ నెలలో నొక కాగితము తెచ్చి కాలెండరు ప్రక్కన తగిలించెను. పది అను అంకె గల నడిమి గీటు వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, చొక్కా బొత్తామంత. అందులో రెండు చిల్లులున్నవి. "పస ఉన్నదా?" అని నన్నడుగలేదు. అడుగవలసిన పని లేదు.

పోతన భాగవతమున నరకాసురునితో బోరుటకు సత్యభామ లేచినప్పుడు కృష్ణుడు ముందు పరిహాసమాడి, పిదప తన విల్లునే అందుకొమ్మనెను. ఆమె దానినెక్కుపెట్టి పోరెను. పరిహాసమువఱకు నేనును కృష్ణుడనే. విల్లందించునప్పుడు మాత్రము మనవంటి మానవులు ఒక్క క్షణమాగి, ఎవరి చేయి, ఎవరి కన్ను అని యడుగవలెను. సత్యభామకు కృష్ణుని విల్లు సరిపడుట దేవతల భాగ్యము.

నేను కొనిన చిన్నపిస్తోలు బీరువాలోనే యున్నది. మొన్న బూజు దులుపుచు దానిని చేతబట్టి చూచితిని. పిడి నా చేతికి చక్కగా నమరినది.