కూరకి కాదండీ, ఈ రొయ్యలు!

రొయ్య అనగానే తెలుగువాడికి ముందు గుర్తొచ్చేది వేపుడు. ఆ తర్వాత ఇగురు. దాన్ని గాజుతొట్టెలో పెంచుకుని గంటలకొద్దీ చూస్తూ కూర్చునేవాళ్లున్నారంటే నవ్వొస్తుంది. కానీ చెర్రీ రొయ్య సంగతి వేరు. ఉండేదే అంగుళం. కూరకి చాలదు, కంటికి మాత్రం విందే! చైనా, తైవాన్ వాగుల్లోని దాని పూర్వీకులది మట్టిలో కలిసిపోయే గోధుమ రంగు. కాస్త ఎరుపు ఉన్నవాటిని ఏరి, తరాల తరబడి జతకట్టించి ఈ రంగు తెప్పించారు తైవాన్ పెంపకందారులు.

మొక్కల తొట్టెల్లో రొయ్యలకి ఇంత పేరు రావడానికి కారణం జపాన్ ఫొటోగ్రాఫర్ తకాషి అమానో. ఒకప్పుడు సైకిల్ పందేల్లో పోటీపడిన మనిషి. 1980ల్లో తన తొట్టెల్లో పాచి పెరగకుండా మందులకి బదులు రొయ్యల్ని వదిలాడు. అవి శుభ్రంగా మేసేశాయి. 2015లో ఆయన కన్నుమూసినా ఆ జాతిని ఇప్పటికీ అమానో రొయ్యలనే పిలుస్తారు. అయితే వాటి పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. ఆ గొడవ లేనివి చెర్రీలే. వీటి పిల్లలు మంచినీళ్లలోనే, అచ్చం తల్లి నమూనాలా పుట్టేస్తాయి.

20 లీటర్ల తొట్టె చాలు. అడుగున ఇసుక, ఓ చెక్కముక్క, దానికి దారంతో కట్టిన జావా మాస్, అనుబియాస్. రోజుకి 6, 7 గంటలు చిన్న ఎల్ఈడీ లైటు. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్. పవర్ ఫిల్టర్ అయితే పిల్లల్ని లాగేసుకుంటుంది.

ఇదంతా ఒక ఆదివారం పని. అసలు పరీక్ష ఆ తర్వాతే. ఆ సాయంత్రమే షాపుకి పరుగెత్తి 10 రొయ్యల్ని తెచ్చి వదిలేవాళ్లు చాలామంది. నీళ్లు అద్దంలా ఉంటాయి, మొక్కలు పచ్చగా ఉంటాయి... రొయ్యలు మాత్రం ఒక్కొక్కటే ఒరిగిపోతాయి. వాటి వ్యర్థాలు, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజిలో, ఇసుకలో కాపురం పెట్టడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. చివరికి మిగిలే నైట్రేట్ మొక్కలకి ఎరువు. భీమవరం వైపు చెరువు రైతుకి ఈ అమ్మోనియా బెడద కొత్తగా చెప్పక్కర్లేదు. పైగా నీళ్లు ఎంత తక్కువైతే విషం అంత త్వరగా ముదురుతుంది. చిన్న తొట్టె సులువని ఎవరన్నారో గానీ, మొదటి నెలలో మాత్రం కానే కాదు! అన్నాళ్లూ చిటికెడు మేత వేస్తూ ఖాళీ తొట్టెనే నడపాలి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే రొయ్యలు.

అలా ఆగగలిగితే తర్వాత పెద్ద చాకిరీ లేదు. పాచి, రాలిన ఆకులు వాటికి తిండి. వారానికి రెండుమూడుసార్లు చిటికెడు మేత, వారానికోసారి 2 లీటర్ల నీళ్లు మార్చడం... అంతే. కొత్త నీళ్లని ఒకరోజు బకెట్‌లో ఉంచి క్లోరిన్ పోయాక పొయ్యాలి.

శత్రువులు ఇంట్లోనే ఉంటారు. దోమల లిక్విడ్‌లోని మందు రొయ్యలకి విషం. గాలి పంపు ఆ గది గాలినే నీళ్లలోకి నెడుతుందని గుర్తుండదు. రాగి బిందెలో నీళ్లు మనిషికి మంచిదేమో, రొయ్యకి మాత్రం ప్రాణాంతకం. ఇక బెజవాడ మే నెల! నీళ్లు 30 డిగ్రీలు దాటితే ప్రాణవాయువు తగ్గిపోతుంది. నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే రెండుమూడు డిగ్రీలు దిగుతుంది.

ఏదో ఒక ఉదయం రొయ్య చచ్చి తెల్లబడినట్టు కనిపిస్తుంది. కంగారక్కర్లేదు, పాము కుబుసంలా అది విడిచిన పెంకు. తీసి పారెయ్యకూడదు, సున్నం కోసం రొయ్యలే దాన్ని తింటాయి. ఆడరొయ్య పెంకు విడిచాకే జతకడుతుంది. ఆపైన పొట్టకింద 20, 30 గుడ్లు పట్టుకుని, కాళ్లతో విసురుతూ దాదాపు నెల మోస్తుంది. ఓ రాత్రి మాస్ దగ్గర కళ్లు చికిలించి చూస్తే 2 మిల్లీమీటర్ల పిల్ల ఒకటి అప్పుడే పాచి గీకుతూ కనిపిస్తుంది.