విమానం దిగిన చోట ఓ ఊరుంది

మన హాంకాంగ్ తెలుగు కుటుంబాల్లో తాయ్ ఓ పల్లె చూడనివారు అరుదు. ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా లాంటౌ కొండమీది పెద్ద బుద్ధుణ్ణి చూపించి, అటునుంచి అటే ఆ జాలరిపల్లెకు తీసుకుపోవడం మనకు రివాజు. నీళ్ళలో గుంజలు పాతి కట్టిన ఇళ్ళు, దండేలకు వేలాడే ఉప్పుచేపలు, బొగ్గుల మీద కాల్చి ఇచ్చే గుడ్డు వాఫుల్స్, పుల్లకు గుచ్చిన చేప ఉండలు, ఆకుమీద పెట్టి ఆవిరికి ఉడికించిన బియ్యప్పిండి ఉండ్రాళ్ళు. వీటన్నిటినీ మించి రొయ్యల ముద్ద వాసన! మనలో శాకాహారులు ఆ వీధిలో ముక్కు మూసుకుని పరుగెత్తుతారు. నాలాంటి నెల్లూరు వాళ్ళు అక్కడే తచ్చాడుతూ ఉంటారు.

ఆ ముద్ద గురించి ఒక్క సంగతి చెప్పి మన దేశానికి వస్తాను. హాంకాంగ్ జలాల్లో 2012 డిసెంబరు 31 నుంచి ట్రాలు వలలతో వేట నిషిద్ధం. సముద్రం అడుగు ఊడ్చుకుపోయి చేపల సంతతి నశిస్తోందని చేసిన చట్టం అది. దాన్ని తప్పు పట్టడానికేమీ లేదు. కానీ అప్పటినుంచి ఆ ముద్దకు కావలసిన చిట్టి రొయ్యలు బయటినుంచి, ముఖ్యంగా చైనా నుంచి తెప్పించుకోవలసి వస్తోంది. ఎండ తాయ్ ఓది, చెయ్యి తాయ్ ఓది, సీసామీద పేరు తాయ్ ఓది. రొయ్య మాత్రం కాదు.

ఓ ఆదివారం అక్కడ చేప ఉండలు తింటూ మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మన దేశంలో తినడానికని వెళ్ళే ఊళ్ళు లేవా? ఎప్పుడూ గుళ్ళకే తీసుకెళ్తారేం?" మా ఆవిడ నావైపు చూసింది. ఆమె పుట్టిల్లు హిందూపురం. మేము దేశం వెళ్ళినప్పుడల్లా దిగేది బెంగళూరులో. బెంగళూరు అంటాంగానీ నిజానికి దిగేది దేవనహళ్ళిలో. పదిహేనేళ్ళకు పైగా దిగుతున్నాం, కారెక్కి ఉత్తరానికి పోతున్నాం. ఊరు చూసింది లేదు. అనంతపురం, చిత్తూరు, కడప వైపు వాళ్ళంతా మా బాపతే అనుకుంటాను. అందుకని మొన్న డిసెంబరులో ఒక రోజు పూర్తిగా ఆ ఊరికే కేటాయించాం.

బెంగళూరుకు ఉత్తరాన నలభై కిలోమీటర్ల దూరంలో, హైదరాబాదు రోడ్డు మీద ఉంది దేవనహళ్ళి. విమానాశ్రయం నుంచి పది కిలోమీటర్లు కూడా లేదు. ఊళ్ళో కోట ఉంది. ఆవతి పాలెగాళ్ళ వంశానికి చెందిన మల్లబైరేగౌడ 1501లో మట్టితో కట్టించాడు. 1749లో మైసూరు వశమైంది. హైదరాలీ, టిప్పు దాన్ని రాతితో తిరిగి కట్టారు. 1791లో కారన్‌వాలిస్ పట్టుకున్నాడు. టిప్పు పుట్టింది ఈ ఊళ్ళోనే. కోట లోపల వేణుగోపాలస్వామి గుడి, మామూలు ఇళ్ళు, ఎండలో బట్టలు ఆరేసుకునే ఆడవాళ్ళు. చూడడానికి గంట చాలు. విమానాశ్రయం ముందు 108 అడుగుల విగ్రహమై నిలబడ్డ కెంపేగౌడ పూర్వీకులు కూడా ఆవతి వైపు వాళ్ళేనని చెబుతారు. ఆయన పేర తెలుగులో 'గంగాగౌరీ విలాసం' అనే యక్షగానం ఉన్న సంగతి, ఆ విగ్రహం ముందు ఫొటోలు దిగే మనవాళ్ళకు ఎంతమందికి తెలుసో!

సరే, తిండి సంగతికొద్దాం. పొద్దున బస్టాండు దగ్గర ఓ చిన్న హోటల్లో తట్టె ఇడ్లీ తిన్నాం. పేరుకు తగ్గట్టు పళ్ళెమంత ఉంటుంది, ఒకటి తింటే రెండోది అడగలేం. పక్క అంగట్లో నిప్పట్లు. నెల్లూరులో మేము చెక్కలంటాం, హిందూపురంలో మా అత్తగారు నిప్పట్లే అంటారు. ఈ విషయమై మా ఇంట్లో ఇరవయ్యేళ్ళుగా తగువుంది. దేవనహళ్ళి తీర్పు అత్తగారి పక్షాన వచ్చింది. బొరుగుల్లో ఉల్లిపాయ, క్యారెట్ తురుము, పచ్చికారం కలిపి పైన నిప్పట్టు నలిపి వేసే చురుమురి మాత్రం నాకు తెలిసిన మరమరాల మిక్చరుకంటే రెండాకులు ఎక్కువే చదివింది.

డిసెంబరు, జనవరి నెలల్లో ఆ పక్క ఏ అంగడి చూసినా అనపకాయల రాశులే. కన్నడంలో అవరెకాయి. మంచు తగిలిన కాయకు జిడ్డు జిడ్డుగా ఒక వాసన వస్తుంది. దాన్ని 'సొగడు' అంటారు. కొనేవాళ్ళు కాయను ముందు చేతిలోకి తీసుకుని వాసన చూస్తారు, ఆ తర్వాతే ధర అడుగుతారు. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటే వేళ్ళతో పితికి తోలు తీస్తే చిత్తూరు, అనంతపురాల్లో అది పితికిపప్పు, ఇక్కడ హితికిద బేళె. మాట ఒకటే, ముందర 'ప' పోయి 'హ' వచ్చింది. భాషావేత్తలు శాసనాలు వెతికి చెప్పే ఈ మార్పును ఇక్కడ కూరగాయల బండి దగ్గరే వినవచ్చు.

మధ్యాహ్నం మా ఆవిడ పినతల్లి కూతురింట్లో భోజనం. దేవనహళ్ళికి తూర్పున ఓ పల్లెలో వాళ్ళది రైతు కుటుంబం. అత్తగారు, అంటే ఊరందరికీ అవ్వ, గుమ్మంలోనే ఎదురొచ్చి "బాగుండారా నాయనా, రాండి, కాళ్ళు కడుక్కోండి" అంది. నేను తడబడి కన్నడం వెతుక్కుంటుంటే నవ్వేసింది. "మాది తెలుగే నాయనా. రాసేదానికి రాదు గానీ మాట్లాడేదంతా తెలుగే." ఆమెకు ఉల్లిపాయ ఎర్రగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ, అన్నం కూడు. బడి మెట్టెక్కని తెలుగు అది. నాలుగైదు తరాలుగా వంటింట్లోనూ పొలంలోనూ బతుకుతోంది. ఆమె మనవడు మాత్రం మా అమ్మాయితో ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. పది నిముషాల్లో ఇద్దరూ చిరంజీవి సినిమా డైలాగుల తెలుగులోకి దిగారు.

సముద్రానికి చాలా దూరమున్న ఊళ్ళో చేపలేమిటని మీరడగవచ్చు. ఆ ప్రాంతమంతా చెరువుల మీద బతికిన ప్రాంతం. పెద్ద నది లేదు. వానొస్తే ఒక చెరువు నిండి అలుగు పారి కింది చెరువుకు, అది నిండి ఇంకో చెరువుకు. వాన మంచిదైతే చేప కూడా మంచిదే. 2021లో ఎంత వాన పడిందంటే, అక్టోబరులో ఓ రాత్రి విమానాశ్రయం ముందు రోడ్డు మునిగి ప్రయాణికులు ట్రాక్టర్లెక్కి టెర్మినల్‌కు చేరారు. అయిదారేళ్ళు వాన మొహం చాటేస్తే అదే చెరువు క్రికెట్ మైదానం. బోర్లు వెయ్యడుగులు దాటి పోతాయి.

ఆ రోజు మా మరదలు వండింది బంగారుతీగ, జిలేబి. జిలేబి అనగానే మా అమ్మాయి పాకం కోసం ఎదురుచూసింది. వచ్చింది చేప! తిలాపియాకు మన దక్షిణాదిలో చాలాచోట్ల అదే పేరు. అవ్వ చేపల్ని ఉప్పూ బూడిదా వేసి రాతిమీద రుద్ది జిగురు పోగొట్టింది. వేయించిన ఎర్రగడ్డ, వెల్లుల్లి, ధనియాలు, ఎండుమిరప, కొబ్బరి నూరి, చింతపండు పులుసులో మరిగించారు. నెల్లూరు చేపల పులుసులో కొబ్బరి వేస్తే మా అమ్మ చేప పాడు చేశారనేది. మాకు మామిడికాయ ముక్క, మెంతులు, మర్నాటిదాకా ఆగే ఓపిక కావాలి. వీళ్ళ సారు అప్పటికప్పుడు తినేది, పలచనిది. ఎందుకో ముద్ద వచ్చాక అర్థమైంది.

రాగిముద్ద అంటే మన రాగిసంగటే, కానీ రాయలసీమలోలాగా బియ్యం కలపరు. ఒట్టి రాగిపిండే. మరిగే నీళ్ళలో పిండి పోసి కట్టెతో కలియబెట్టి, తడిచేత్తో బంతిలా చేసి వేడి వేడిగా కంచంలో దొర్లించారు. మా అమ్మాయి నమలడం మొదలుపెట్టగానే అవ్వ ఆపింది. "నమిలేది కాదమ్మా, మింగేది. పంటికి అంటించుకోవద్దు, సారులో ముంచి గొంతులోకి జార్చు." జార్చాలంటే సారు పలచగా ఉండాలి కదా! మూడో ముద్దకు పిల్లకు పట్టుబడింది. చెరువు చేపకు సముద్రపు చేప రుచి రాదని నేను ఇప్పటికీ అంటాను. కానీ ఈ ముద్దకు వంజరం పులుసు పొసగదు, ఈ చేపే కావాలి.

చెరువు గురించి మా మరదలి భర్త చెప్పిన మాట రాయాలి. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి హెబ్బాళ, నాగవార లోయల నుంచి రోజుకు 21 కోట్ల లీటర్ల మేర పంపి, బెంగళూరు గ్రామీణ, చిక్కబళ్ళాపురం వైపు 65 చెరువులు నింపే పథకం ఉంది. "బోర్లలో నీళ్ళు పైకొచ్చినాయి బావా, కాదనేదానికి లేదు. కానీ మూడో దఫా శుద్ధి కూడా చేసి పంపండని మావాళ్ళు అడగతానే ఉండారు. మేము ఈ రోజు వండింది వాననీళ్ళ చెరువు చేప." ఆ చివరి మాట విన్నాక నేను ఇంకో ముక్క వేయించుకున్నాను. బెంగళూరు అంగళ్ళలో మంచుమీద పడుకున్న బొచ్చె, శీలావతుల్లో మన కొల్లేటి ప్రాంతం నుంచి లారీలెక్కి వచ్చినవీ ఉంటాయి. చేపల విషయంలో మనవాళ్ళు ఎప్పుడో వలస వెళ్ళారన్నమాట.

భోజనమయ్యాక దొడ్లోకి తీసుకెళ్ళారు. అసలు దేవనహళ్ళి పేరు మోసింది అక్కడే ఉంది: చక్కోత. మన పంపరపనస. మా అమ్మ వినాయకచవితికి పాలవెల్లికి కట్టే పండు. హాంకాంగ్‌లో మనం శరదృతువు పున్నమి పండగకు గుట్టలు గుట్టలుగా చూసే పమేలో ఇదే. పుట్టిల్లు ఆగ్నేయాసియా. తమిళంలో పంబ్ళిమాస్ అనడానికి డచ్చివారి 'పాంపెల్‌మూస్' మూలమంటారు. పక్కన మన పంపరపనసను పెట్టి చూస్తే చుట్టరికం చెవికి తెలుస్తూనే ఉంటుంది. అమెరికావాళ్ళు పొద్దున్నే చెంచాతో తినే గ్రేప్‌ఫ్రూట్, 18వ శతాబ్దంలో బార్బడోస్ దీవిలో పమేలోకూ తీపి నారింజకూ పుట్టిన బిడ్డ. కొలెస్ట్రాల్‌కూ రక్తపోటుకూ మాత్రలు వాడేవాళ్ళలో కొందరికి గ్రేప్‌ఫ్రూట్ లాగే ఈ పండూ పడదు. మన పెద్దవాళ్ళు డాక్టర్ని ఓ మాట అడిగి తినడం మంచిది. ఇంకొక మాట, బజారులో 'చక్కోత సొప్పు' అని అడిగితే చక్రవర్తి కూర ఇస్తారు. పండు కావాలంటే పండనే అడగండి.

దేవనహళ్ళి చక్కోతలో తొనలు ఎర్రగా ఉంటాయి, మిగతా చోట్ల కాయల్లో ఉండే చేదు దాదాపు ఉండదు. ఆ మట్టి మహిమ అంటారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఆ పేరు పెట్టి వేరే చోటి కాయ అమ్మకూడదు. అయితే గుర్తింపు ఉన్నది పేరుకు, చెట్టుకు కాదు కదా! 2008 మేలో విమానాశ్రయం తెరిచారు. దానికే నాలుగువేల ఎకరాలు. చుట్టుపట్ల భూమి ధర ఎకరాల నుంచి అడుగుల లెక్కలోకి మారింది, భూగర్భజలం అడుగంటింది, తోటలు లేఅవుట్లయ్యాయి. అవ్వ కోడలిగా వచ్చినప్పుడు దొడ్లో ఎనిమిది చెట్లుండేవట. ఇప్పుడు రెండు.

ఆ రెండూ మిగలడం వెనకా కథ ఉంది. అదే తాలూకాలో చన్నరాయపట్టణ హోబళిలో 13 పల్లెల్లో 1,777 ఎకరాలు విమాన పరిశ్రమల కోసం తీసుకుంటామంటే రైతులు 2022 ఏప్రిల్లో ధర్నాకు కూర్చున్నారు. మూడేళ్ళకు పైగా లేవలేదు. 2025 జులై 15న ప్రభుత్వం ఆ సేకరణ వదులుకుంటున్నట్టు ప్రకటించింది, ఇష్టపడి ఇచ్చేవాళ్ళ భూమి మాత్రం తీసుకుంటామంది. ఆ 'ఇష్టపడి' అన్న మాట మీద ఆ ఇంట్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. మా మరదలి భర్త ధర్నాకు వెళ్ళి కూర్చున్నాడు. ఆయన తమ్ముడు, మంచి ధర వస్తే అమ్మి పిల్లల్ని చదివించుకుంటే తప్పేమిటంటాడు. పొలం అమ్మకుండానే పిల్లల్ని చదివించుకుని విమానమెక్కి వెళ్ళిపోయిన నేను, ఆ మాటకు బదులు చెప్పడానికి తగినవాణ్ణి కానని ఊరుకున్నాను. అవ్వ ఎవరివైపూ మాట్లాడలేదు. చేటలో అనపగింజలు పితుకుతూ కూర్చుంది.

పండు కోసిన తర్వాత అంగుళం మందాన తెల్లటి బెండు ఆవుకు వేయబోతుంటే నేను చెప్పాను: హాంకాంగ్‌లో దీన్ని నానబెట్టి, పిండి, చేదు తీసేసి, ఎండు రొయ్యల గుడ్లతో కూర వండుతారని, లేత ఆకులు నీళ్ళలో వేసి స్నానం చేస్తే దిష్టి పోతుందని నమ్ముతారని. అవ్వ చెయ్యి ఆగింది. "ఏమి నాయనా, ఆ తొక్కనీ వదల్రా వాళ్ళు?" అని ముందు నవ్వింది. తర్వాత ఎండు రొయ్యలు ఎంత వేస్తారని అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను. ఆవుకు సగమే వేసి, మిగతా సగం గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టింది.

మాకు మూడు కాయలు కోసిచ్చింది. చేత్తో ఎత్తి చూసి, సైజుకు మించి బరువున్నవి ఏరింది. కోసిన రోజే తినవద్దని, పక్కన పెట్టి తొక్క కాస్త వడలాక ఒలిస్తే తీపి తేలుతుందని, ఉప్పూ కారం అద్దుకోమని చెప్పి పంపింది. వారం ఆగమంది. హిందూపురంలో మా అత్తగారింట మూడో రోజుకే మొదటిది అయిపోయింది.