అమ్మ గొంతు కోసం కోఠీ దాకా

హనుమకొండలో మా మేడమీది గదిలో ఒక కంప్యూటరు, దానికి అటూ ఇటూ రెండు చిన్న చెక్క స్పీకర్లు, వాటిని నడిపే ఆంప్లిఫయరు ఉన్నాయి. నాయన దాచిపోయిన క్యాసెట్లను మూడు నెలలుగా వీటితోనే కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను. వాటిలో ఒకటి 1988 సద్దుల బతుకమ్మ నాటిది. మా వాడ ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ తిరుగుతూ ఆడుతుంటే నాయన అరుగు మీద టేప్ రికార్డరు పెట్టి పట్టిన పాటలు. ముందు పాడి అందిస్తున్నది మా అమ్మ.

ఆ పాట నా స్పీకర్లలో వినబుద్ధయ్యేది కాదు. అమ్మ గొంతు పలచబడి, ఎటు నుంచి వస్తోందో తెలియకుండా గదంతా చెదిరిపోయేది. చప్పట్లయితే రేకుల మీద వడగళ్లు పడ్డట్టు. అన్నింటికీ అడుగున జుమ్మని ఒక మోత. మౌసు కదిపితే దానికి తోడు సన్నటి కీచు. టేపే పాడైందేమో అని భయపడ్డాను. ఒక రాత్రి అదే ఫైలును ఫోనులో ఎక్కించి ఇయర్‌ఫోన్లు పెట్టుకొని విన్నాను. టేపు సుయ్యిమనే చప్పుడు ఉండనే ఉంది, కానీ గొంతు నిండుగా, తల నడుమ నిలబడి పాడుతోంది. అంటే టేపు బాగానే ఉంది. నా బల్ల మీదే ఏదో తప్పుంది.

మర్నాడు స్పీకర్లు రెండూ పాత తువ్వాళ్లలో చుట్టి, ఆంప్లిఫయరుతో సహా సంచిలో పెట్టుకొని కాజీపేటలో రైలెక్కాను. సంచి పైన పెట్టడానికి మనసొప్పక ఒళ్లోనే పెట్టుకున్నాను. జనగామ దాటాక పెంబర్తి వచ్చింది. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి బొమ్మలు తేల్చే ఊరు. ఆ సుత్తి దెబ్బలు ఎవరైనా రికార్డు చేసి దాచారో లేదో అనుకున్నాను. కొన్నాళ్లుగా ఏ ఊరు చూసినా నాకు ముందు దాని చప్పుడే గుర్తొస్తోంది. భువనగిరి బండ కనిపించి వెనక్కి జరిగింది. ఘట్‌కేసర్, మౌలాలి, సికింద్రాబాద్.

ముందు పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లాను. కంప్యూటరు సామాను కొనే మాలాంటి వాళ్లందరికీ తెలిసిన చోటు. అక్కడ కొన్నది అరచేతిలో పట్టే ఒక డాక్, రెండు వేల నాలుగు వందలు. కంప్యూటరులో పాట అంకెలుగా ఉంటుంది. ఆ అంకెలను కరెంటు అలలుగా మార్చే పని మామూలుగా సీపీయూ డబ్బాలోనే జరుగుతుంది. ఫ్యాన్లు, గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరు క్షణక్షణం కరెంటును లాగి వదులుతూ ఉండే ఆ ఇరుకులో సున్నితమైన అలకు రొద అంటుకుంటుంది. డాక్ ఆ పనిని యూఎస్‌బీ తీగ చివర, డబ్బా బయట చేస్తుంది. దీంతో నా బాధ తీరిందనే అనుకున్నాను. తీరలేదు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కితే సుల్తాన్ బజార్ ఎంతో సేపు కాదు. దిగి, నడిచి కోఠీలోని గుజరాతీ గల్లీలోకి వెళ్లాను. అక్కడ కెపాసిటర్లు దోసెళ్లతో అమ్ముతున్నట్టుంటుంది. వేలాడే తీగల చుట్టలు, ట్రాన్స్‌ఫార్మర్ల గుట్టలు, సోల్డరింగు పొగ వాసన. నలుగురిని అడిగితే ఒక సందు చివర మరమ్మతు బల్ల ముందు కూర్చున్న ఒక పెద్దాయనను చూపించారు.

"ఏం బాధ బిడ్డా?" అన్నాడు, సంచి వైపు చూస్తూ.

చెప్పాను.

"ఆంప్లిఫయరు చాలు పెట్టి, కంప్యూటరు వైరు గుంజి సూశినవా?"

"సూశిన కాకా. గుంజితే సప్పుడు బందైతది."

"మరి దీన్నెందుకు మోసుకొచ్చినవ్? దీనిది తప్పు కాదు. రెండిటి నడుమ ఎర్తు తిరుగుతున్నది."

కంప్యూటరు ఒక ప్లగ్గులోనూ ఆంప్లిఫయరు ఇంకో ప్లగ్గులోనూ ఉంటే రెండింటికీ ఎర్తు గోడలోంచే అందుతుంది. పైగా ఆడియో తీగ తొడుగు కూడా ఆ రెండింటినీ కలుపుతుంది. అలా ఒక వలయం ఏర్పడి, పాటకు సంబంధం లేని కరెంటు అందులో తిరుగుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి ఆ జుమ్మనే మోత. అంతవరకు నేను చదివిందే. ఆ మోత పోవాలని ప్లగ్గుకు ఎర్తు పిన్ను తీసేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఆ పిన్ను ఉన్నది మన ప్రాణం కోసం. పెద్దాయన ఇచ్చిన మందు వేరు. అగ్గిపెట్టె అంత డబ్బా, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, రెండు వందల యాభై. లోపల రెండు చుట్టలుంటాయి. ఈ చుట్టలోని అల అయస్కాంత క్షేత్రంగా దాటి ఆ చుట్టలో మళ్లీ అలవుతుంది. తీగ తీగను తాకదు, వలయం తెగిపోతుంది.

నేను లేవబోతుంటే స్పీకర్లు విప్పమన్నాడు. టార్చిలైటు బ్యాటరీ ఒకటి తీసి, రెండు వైర్లు పట్టుకొని, ప్లస్సును మొదటి స్పీకరు ఎర్ర టెర్మినల్‌కూ మైనస్‌ను నల్లదానికీ తాకించాడు. టప్. కోను ముందుకు పొంగింది. రెండోదానికీ అలాగే తాకించాడు. టప్. అది లోపలికి పోయింది. నాకు అర్థం కాక మళ్లీ చేయమన్నాను. మళ్లీ అంతే, ఒకటి బయటికి, ఒకటి లోపలికి.

"దీన్ని ఎవలో విప్పిన్రు" అన్నాడు.

నిజమే. నాలుగేళ్ల కింద ఆ స్పీకరు కోను చిరిగితే ఒకచోట మార్పించాను. లోపల తీగలు తారుమారయ్యాయి. అప్పటి నుంచి ఒక స్పీకరు గాలిని తోస్తుంటే రెండోది గుంజుతోంది. నాయన టేప్ రికార్డరుకు ఒకటే మైకు. అందులో కుడి, ఎడమ అని వేరే లేవు, రెండు స్పీకర్లకూ అదే అల వెళ్తుంది. ఒకటి తోసిందాన్ని ఇంకొకటి మింగేస్తుంది. 100 హెర్ట్జుల అల పొడవు సుమారు మూడున్నర మీటర్లు. అంత పొడవాటి అలలకు నా బల్ల మీది స్పీకర్ల ఎడం లెక్కలోకి రాదు కాబట్టి అవి దాదాపు పూర్తిగా చెల్లిపోతాయి. గొంతులోని నిండుదనం చాలావరకు కింది అలల్లోనే ఉంటుంది. ఇన్నాళ్లూ అమ్మ గొంతులో సగం నా గదిలో పుట్టీ పుట్టక ముందే పోతోందన్నమాట.

పెద్దాయన వెనక చెక్క విప్పి, తీగలు మార్చి అతికాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు. ఈసారి బ్యాటరీ నన్నే పట్టుకోమన్నాడు. రెండు కోన్లూ ఒకేసారి బయటికి వచ్చాయి.

ఇంటికి వచ్చేసరికి రాత్రయింది. ముందు డాక్ ఒక్కటే పెట్టి చూశాను. కీచు తగ్గింది, పోలేదు. యూఎస్‌బీ తీగలోనూ గ్రౌండు వస్తుంది కాబట్టి వలయం అలాగే ఉండిపోయింది. డాక్‌కూ ఆంప్లిఫయరుకూ నడుమ ఆ అగ్గిపెట్టె డబ్బా పెట్టాను. నిశ్శబ్దం. ఆంప్లిఫయరు ఆన్‌లో ఉందా అని లైటు చూసుకున్నాను.

తర్వాతి మూడు రాత్రులు గదితోనే గడిచాయి. విండోస్‌లో శబ్దానికి మెరుగులు దిద్దే ఎన్‌హాన్స్‌మెంట్లన్నీ తీసేశాను. బల్ల మూలకు ఉండేది, ఎడమ స్పీకరుకు బీరువా ఆనుకొని ఉండేది. బల్లను గోడ నడుమకు జరిపి, రెండు స్పీకర్లూ నేనూ త్రిభుజంలా, సమాన దూరంలో ఉండేట్టు పురికొసతో కొలిచి పెట్టాను. కింద చెక్క ముక్కలు పెట్టి స్పీకర్లను చెవుల వైపు ఎత్తాను. లేకపోతే బల్ల చెక్క మీద పడి లేచిన శబ్దం అసలు శబ్దంతో కలిసి గొంతును డొల్ల చేస్తుంది. కుడి, ఎడమ సరిపోయాయో లేదో తెలుసుకోవడానికి ఒంటి మైకు రికార్డుకు మించిన పరీక్ష లేదు. గొంతు సరిగ్గా నడుమ, మానిటరు ఉన్నచోట నుంచి రావాలి. అరంగుళం జరిపినా పక్కకు ఒరుగుతోంది.

చప్పట్లు మాత్రం ఇంకా చిటపటలాడుతున్నాయి. అది ఉత్త గోడల పని. కొత్తవాడకు వెళ్లి రెండు నూలు జంపఖానాలు తెచ్చాను. ఓరుగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఊరి నేత మా గదికి ఇలా పనికొస్తుందని నేను అనుకోలేదు. గోడకు అంటించి కడితే పెద్ద తేడా లేదు. గోడ దగ్గర గాలి కదలిక తక్కువ, గుడ్డ ఆపగలిగింది ఆ కదలికనే. జానెడు ఎడంగా, రెండు మడతలు వేసి వేలాడదీస్తే చప్పట్లు మెత్తబడ్డాయి. కింది అలలను మాత్రం జంపఖానా ఏమీ చేయలేదు, వాటికి మందమైన దూది పరుపులు కావాలి. అది వచ్చే నెల పని.

నాలుగో రోజు పొద్దున అమ్మను మెట్లెక్కించి తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను. పాట మొదలైంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత వేలు ఎత్తి, "ఆగు, మళ్ల వెట్టు" అంది. మళ్లీ పెట్టాను.

"గా సప్పట్లల్ల ఒకటి ఎనకబడి వస్తున్నది సూడు. అది మీ చిన్నమ్మ. గాజులు పలుగుతయని మెల్లగ కొడుతుండె."

నూరుసార్లు విన్నాను ఆ పాట. ఆ చప్పట్లు వెనకబడడం నాకెప్పుడూ వినిపించలేదు. చిన్నమ్మ పోయి పదకొండేళ్లయింది.

మీ ఇంట్లో అటక మీద ఇలాంటి క్యాసెట్లు ఉంటే ఈ నెలలోనే దింపండి. టేపు మీది పూత ఏళ్లు గడిచేకొద్దీ రాలిపోతుంది, ఆడించే మంచి యంత్రాలూ దొరకడం కష్టమవుతోంది. కుదించని వేవ్ ఫైలుగా ఎక్కించి రెండు చోట్ల దాచండి. ఆ తర్వాత ఒక టార్చి బ్యాటరీ తీసుకొని, మీ స్పీకర్ల కోన్లు రెండూ ఒకే వైపు కదులుతున్నాయో లేదో చూడండి.